మొక్కజొన్న ప్రపంచమంతా తిరిగింది, వండే పద్ధతి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది

ముందు అసలు పని చెప్పేస్తాను. పచ్చి మొక్కజొన్న పొత్తుని, పైన ఆకులు ఒలవకుండా, అలాగే మైక్రోవేవ్‌లో పెట్టండి. ఒక్కో పొత్తుకి నాలుగు నిమిషాలు. గుడ్డతో పట్టుకుని బయటికి తీసి, కాడ వైపు ఒక అంగుళం కోసేసి, రెండో కొస పట్టుకుని దులపండి. పీచుతో సహా ఆకులన్నీ చేతిలో ఉండిపోతాయి, పొత్తు శుభ్రంగా జారి వచ్చేస్తుంది. మైక్రోవేవ్ లేకపోతే కుక్కర్‌లో మూడు విజిల్స్. ఉప్పు, కారం, నిమ్మకాయ తర్వాత మీ ఇష్టం.

రెసిపీ అయిపోయింది. మరి ఎపిసోడ్ దేనికి అంటారా? ఒకప్పుడు ఈ మొక్కజొన్నని ఎలా వండాలో తెలియక లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ కథ చెప్పాలని.

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. దాదాపు 9000 ఏళ్ల కిందట అక్కడి రైతులు టియోసింటే అనే గడ్డి జాతిని సాగు చేస్తూ చేస్తూ దీన్ని తయారు చేశారు. అక్కడి ఆడవాళ్లు ఎండు గింజల్ని సున్నం నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బేవారు. దీన్ని నిష్తమాల్ అంటారు. అవును, మనం తాంబూలంలో వేసుకునే సున్నమే. పొట్టు ఊడుతుంది, పిండి ముద్దవుతుంది. అసలు లాభం మాత్రం కంటికి కనపడదు: మొక్కజొన్నలో నయాసిన్, అంటే బి3 విటమిన్, మన ఒంటికి అందకుండా బంధించి ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది.

1492 తర్వాత స్పెయిన్ వాళ్లు గింజలు పట్టుకెళ్లారు, సున్నం సంగతి వదిలేశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్ కాపీ చేసుకుని రీడ్‌మీ ఫైల్ చదవలేదు.

ఫలితం? 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే డాక్టర్ పేద రైతుల్లో ఒక వింత జబ్బు చూశాడు. చర్మం ఎర్రబడి పొరలు లేస్తుంది, విరేచనాలు, చివరికి మతి తప్పుతుంది. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టారు, గరుకు చర్మం అని అర్థం. 1900 తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది విజృంభించింది. పత్తి పొలాల కౌలు కూలీలు మూడు పూటలా మొక్కజొన్న పిండి, బెల్లప్పాకం, పంది కొవ్వు తిని బతికేవారు. 1940 లోపు సుమారు 30 లక్షల మందికి సోకి, లక్ష మంది దాకా చనిపోయారని అంచనా.

డాక్టర్లు అంటువ్యాధి అన్నారు. 1914లో ప్రభుత్వం పంపిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఒకటి గమనించాడు: అనాథాశ్రమాల్లో పిల్లలకి వస్తోంది, అక్కడ పనిచేసేవాళ్లకి రావట్లేదు. తేడా తిండిలో ఉంది. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టిస్తే తగ్గిపోయింది. అయినా నమ్మలేదు. 1916లో రోగుల రక్తాన్ని తనే ఒంట్లోకి ఎక్కించుకున్నాడు, ఏమీ కాలేదు. ఆయన 1929లో పోయాడు. నయాసిన్ మందని 1937లో గానీ తేలలేదు.

మనకి సంబంధం ఉందా? ఉంది. దక్కన్ పీఠభూమిలో జొన్న మీదే బతికే పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన కేంద్రంలో డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతయ్య కలిసి 1960లో దీని మీద పరిశోధన ప్రచురించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం కారణమని వాళ్ల వాదన.

భయపడి పొత్తు పక్కన పడేయకండి. సాయంత్రం ఒక పొత్తు తింటే ఏ జబ్బూ రాదు. గింజలో విషం లేదు; అదొక్కటే తినాల్సిన పేదరికంలో ఉంది జబ్బు. పప్పు, పాలు, గుడ్డు కంచంలో ఉంటే చాలు.

నాకు ఈ కథలో మిగిలేది ఒక్కటే. ఆ సున్నం నీళ్ల పద్ధతిని చదువుకున్నవాళ్లు అనవసరమనుకున్నారు. అమ్మమ్మ ఏదైనా నానబెట్టాలనో, కడిగి పారబోయాలనో అంటే, ఎందుకని ఒకసారి అడిగి చూడండి. కారణం ఆవిడకి తెలియకపోవచ్చు. అలాగని కారణమే లేదనుకోకండి.

పొత్తు చల్లారిపోతుంది, తినేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.