మనియార్డరు ఎవరి పేరున వచ్చింది?

ఆ కొబ్బరిమట్ట ఇంకాస్త లోపలికి నెట్టవే అమ్మడూ, పొగంతా కళ్లలోకొస్తోంది. ఆఁ, ఇందాక ఏదో అడిగావు. ఉద్యోగం, పిల్లలు, వంట, వీటి మధ్య ఈ కథలు రాయడం ఎన్నాళ్లు సాగుతుంది అమ్మమ్మా అని. ఎలా సాగిందో చూసినదాన్ని కాబట్టి చెబుతాను. నీకు పనికొచ్చింది తీసుకో.

మా మేనత్త రాసేది. పేరు చెప్పినా ఇప్పుడెవరికీ తెలియదులే. సెలవులకు వాళ్ల ఊరు వెళ్లినప్పుడు చూసేదాన్ని. తెల్లారుజామున చల్ల చిలకడంతో మొదలైతే, విస్తళ్లు ఎత్తేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. అందరూ నడుం వాల్చాక పడమటి వసారాలో కందిపప్పు బస్తాకి చేరగిలబడి, ఒళ్లో పీట పెట్టుకుని రాసేది. అరఠావు మీద ఒకవైపే రాయాలి, ఎడమపక్క మార్జిను వదలాలి. అడుగున కార్బన్ కాగితం. ఎందుకంటే పత్రికవాళ్లు పోగొడితే ఇక దిక్కులేదు, నకలు మన దగ్గరుండాలి. అచ్చుకు పనికిరాకపోతే తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు కూడా జతచెయ్యాలి. ఆ స్టాంపుల దగ్గరే వచ్చేది గండం. ఇంటి పెత్తనం ఆవిడ మామగారిది. పెరుగు అమ్మిన డబ్బుల్లో అణా, అర్ధణా మిగిల్చి పోపులపెట్టెలో దాచేది.

మొదటి కథ అచ్చయింది. పదిహేను రూపాయల మనియార్డరు వచ్చింది. పోస్టుమాను అరుగు మీద కూర్చుని ఫారం తీశాడు. మామగారు అలవాటుగా చెయ్యి చాపారు. "పేరుగలావిడే సంతకం పెట్టాలండీ" అన్నాడతను, తల దించుకునే. అత్తయ్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, తలుపు వారగా నిలబడి సంతకం పెట్టింది. రూపాయలు మామగారికే ఇచ్చేసిందనుకో. ఫారం అడుగున చింపి ఇచ్చే ముక్క మాత్రం ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. రెండో మనియార్డరు వచ్చినప్పుడు ఆవిడ ఇవ్వలేదు, ఆయన అడగలేదు. ఆ డబ్బుతో ఠావులు, బ్రిల్ ఇంకు, వారపత్రికకు ఏడాది చందా. అంటే, రాత ఖర్చు రాతే పెట్టుకోవడం మొదలయింది.

ఆ మధ్యాహ్నాలు కూడా ఊరికే చిక్కలేదు. ఆ ఇంట్లో మామగారి అక్కగారు ఉండేది, పసితనంలోనే పసుపుకుంకాలు పోయిన మనిషి. "నువ్వు రాసుకోవే, పొయ్యి సంగతి నేను చూస్తా" అని సాయంత్రం పనంతా నెత్తిన వేసుకునేది. అక్షరం ముక్క రాదు. అత్తయ్య రాసింది చదివి వినిపిస్తే మాత్రం, "ఆ పిల్ల అక్కడ ఏడవదే, నోరారా తిడుతుంది" అని దిద్దేది. ఆవిడ పేరు ఏ కథ కిందా పడలేదు.

అంతకుముందు తరం వాళ్ల పాట్లు ఇంకా ఘోరం. బండారు అచ్చమాంబగారికి పదేళ్లకే పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు పట్టేసింది. కన్నబిడ్డలు పోయారు. అయినా 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, 1902లో 'హిందూసుందరి'లో 'ధనత్రయోదశి' కథ వేసింది. 1905లో పోయింది, ముప్పయ్యేళ్లకే. 'హిందూసుందరి' లాంటి ఆడవాళ్ల పత్రిక ఉండబట్టే ఆ కథకి చోటు దొరికింది.

ఆ తర్వాత మద్రాసులో కేసరిగారని ఒక వైద్యుడు. 'లోధ్ర' అని ఆడవాళ్ల టానిక్కు తయారుచేసి బాగా గడించాడు. ఆయనే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టాడు. రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చేవాడు. 1934లో మొదటిది మా బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మగారికే. ఆవిడ ఆ పత్రికలో 'శారద లేఖలు' రాసేవారు. శారద అనే ఆవిడ తన నేస్తం కల్పలతకు ఉత్తరాలు రాస్తున్నట్టు, అందులోనే విడాకుల చట్టం, ఖద్దరు, పిల్లల చదువు, అన్నీ. కథ అల్లే తీరిక లేని నెలలో కూడా ఉత్తరం రాయగలం కదే! ఎంత తెలివైన ఏర్పాటో చూడు.

మా వయసులో మాత్రం ఆడవాళ్లదే రాజ్యం. 'ఆంధ్రప్రభ' పోటీలో నెగ్గిన కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. యద్దనపూడి 'సెక్రటరీ' నెలనెలా వస్తుంటే, అందులో హీరో రాజశేఖరం కోసం మేం పత్రిక లాక్కుని చదివేవాళ్లం. అద్దె పుస్తకాల కొట్లో పేజీలు ఊడిపోయినా వదిలేవాళ్లం కాదు. పెద్దలు వంటింటి సాహిత్యం అని వెక్కిరించారు, ఆ వెక్కిరించిన రోజుల్లోనే కొందరు మగాళ్లు ఆడపేర్లతో నవలలు రాసుకున్నారు. నాకు ఆ కార్ల హీరోలంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అయినా వారంవారం భాగం పంపి తీరాలన్న గడువు, ఇంటికొచ్చే పాఠకుల ఉత్తరాలు, ఈ రెండూ వాళ్లను రాయించాయి. బయట ఎవరో ఎదురుచూస్తున్నారంటే ఇంట్లోవాళ్లు కూడా కాస్త తప్పుకుంటారు.

నన్నడిగితే అందరిలోకీ దారి బాగా వేసుకున్నది మాలతీ చందూర్. నూజివీడు పిల్ల, మద్రాసులో స్థిరపడింది. 'ఆంధ్రప్రభ'లో 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాలపాటు నడిపింది. పాఠకులు ఏం అడిగితే దానికి జవాబు. వంటల పుస్తకం మళ్లీమళ్లీ అచ్చయింది. 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలల్ని మాకు పరిచయం చేసింది. వీటి పక్కనే తన నవలలు. 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వంటల పుస్తకం రాసినందుకు ఆవిడ ఏనాడూ నామోషీ పడలేదు. నువ్వేమో, ఎవరో పిల్లల పాఠాలు రాసిపెట్టమంటే, అది రాయడమే కాదన్నావు మొన్న.

ఇదంతా అరుగులున్న ఇళ్ల ముచ్చట, అదీ ఒప్పుకోవాలి. అత్తయ్యగారి పెరట్లో పేడ ఎత్తినావిడకి పొయ్యి చూసే మనిషి ఎవరున్నారు? 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' పేరుతో దళిత స్త్రీల రాతలు ఒకచోటికి తెచ్చేదాకా మా బోటివాళ్ల కళ్లు తెరుచుకోలేదు. 1993లో మొదలైన 'భూమిక' లాంటి పత్రికలూ వచ్చాయి. చదివి, బాగుంది బాగాలేదు అని మొహమ్మీద చెప్పే నలుగురు ఆడవాళ్లు దొరకడం ఇప్పుడే తేలిక. నెలకోసారి మీరు కూడా ఎవరింట్లోనో కలవండి. పిల్లల్ని తీసుకురమ్మను, నేను చూస్తాను.

ఇంతకీ ఆ పాఠాలకి డబ్బెంతిస్తారో అడిగావా? మొహమాటమా? రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఖాతా నంబరు అడిగితే నీదే ఇవ్వు, మీ ఆయనది కాదు.