నంద్యాల ప్రతినిధి, పాలస్తీనా ప్రశ్న: 1992 దౌత్య నిర్ణయ పరిశీలన

1991 నవంబరులో కర్నూలు జిల్లా నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. జూన్‌లో ప్రధానిగా ప్రమాణం చేసినా పార్లమెంటు సభ్యత్వం లేని పి.వి. నరసింహారావు కోసం గంగుల ప్రతాపరెడ్డి ఆ స్థానాన్ని వదులుకున్నారు. తెలుగుదేశం పోటీకి దిగలేదు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌పై పీవీ 5.80 లక్షలకు మించిన ఆధిక్యంతో గెలిచారు. నంద్యాలను ప్రస్తావించే రచనలు సాధారణంగా ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి. అయితే మూడు నెలలైనా నిండకముందే, 1992 జనవరి 29న, నంద్యాల ప్రతినిధి నాయకత్వంలోని ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలను ప్రకటించింది.

అంతవరకు నడిచిన విధానం వేరు. 1947 నవంబరు 29న పాలస్తీనా విభజనను ఐక్యరాజ్యసమితిలో వ్యతిరేకించిన 13 దేశాలలో భారత్ ఒకటి. 1950 సెప్టెంబరు 17న ఇజ్రాయెల్‌ను గుర్తించినా రాయబార కార్యాలయాలు వెలయలేదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయిన 1953లోనే బొంబాయిలో ఇజ్రాయెల్ కాన్సులేట్ వెలసింది. నాలుగు దశాబ్దాలు దానితోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. మరోవైపు పాలస్తీనా విమోచన సంస్థకు 1980లో సంపూర్ణ దౌత్య ప్రతిపత్తి లభించింది. 1988 నవంబరులో పాలస్తీనా రాజ్యాన్ని భారత్ గుర్తించింది. ఈ రెండు సందర్భాలలోనూ విదేశాంగ మంత్రి పీవీయే. కాబట్టి 1992 నిర్ణయాన్ని పాలస్తీనా పక్షం ఎరుగని నాయకుడి తొందరపాటుగా వ్యాఖ్యానించడం చెల్లదు.

నిర్ణయ క్రమం గమనార్హం. 1991 అక్టోబరు చివర మాడ్రిడ్ సమావేశంలో అరబ్ రాజ్యాలే ఇజ్రాయెల్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. డిసెంబరు 16న, జియోనిజాన్ని జాతివివక్షగా పేర్కొన్న 1975 నాటి తీర్మానం రద్దుకు భారత్ ఓటు వేసింది. 1975లో ఆ తీర్మానాన్ని బలపరచినదీ భారతే. అదే నెలలో సోవియట్ యూనియన్ అంతరించింది. జనవరిలో యాసర్ అరాఫత్ ఢిల్లీకి వచ్చి వెళ్లారు. 24న చైనా ఇజ్రాయెల్‌తో సంబంధాలు నెలకొల్పుకుంది. అయిదు రోజులకు విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ భారత నిర్ణయాన్ని వెల్లడించారు. పాత మిత్రుణ్ణి ముందు గౌరవించి, ఆ పిమ్మట కొత్త తలుపు తెరవడం పీవీ పద్ధతి. మర్యాదకు లోటు రాలేదు గాని, పాలస్తీనాకు ప్రతిఫలంగా ఇజ్రాయెల్ నుంచి భారత్ ఏమీ రాబట్టలేదు. "సమతౌల్యం" అన్న మాట ఈ లోటును కప్పిపుచ్చుతుంది. 1993 సెప్టెంబరులో ఓస్లో ఒప్పందం కుదరడంతో ఆ విమర్శ పదును కొంత తగ్గింది.

ముస్లిం ఓటర్లు దూరమవుతారన్న భయమే ఈ సంబంధాలను దశాబ్దాలపాటు ఆపిందన్న వాదం దౌత్య చరిత్రలో తరచు వినిపిస్తుంది. నవాబుల ఏలుబడి చూసిన కర్నూలు, కడప ప్రాంతాలలో ముస్లిం జనాభా గణనీయం. నంద్యాలా అందుకు మినహాయింపు కాదు. అయినా 1996లో పీవీ అక్కడ మళ్లీ గెలిచారు. ఆధిక్యం బాగా తగ్గింది; కాని 1991లో బరిలో లేని తెలుగుదేశం ఈసారి ఉంది, నడుమ 1992 డిసెంబరు అయోధ్య ఘటన ఉంది. ఆ తగ్గుదలను ఇజ్రాయెల్ నిర్ణయానికి ముడిపెట్టడానికి ఆధారం చాలదు. ఆ ఎన్నికలో ఒడిశాలోని బరంపురం నుంచి కూడా గెలిచిన పీవీ దానిని ఉంచుకొని నంద్యాలను విడిచిపెట్టారు.