పోర్క్యుపైన్ ట్రీ: కల్పిత బృందం నుండి వాస్తవ బృందం వరకు

వ్యాససంగ్రహం

ఇంగ్లండ్‌కు చెందిన ‘పోర్క్యుపైన్ ట్రీ’ 1987లో ఒక కల్పిత రాక్ బృందంగా పుట్టి, 1993 చివరికి వేదికమీద నిలిచే నిజమైన బృందంగా మారింది. ఈ పరిణామాన్ని కర్తృత్వం, గతంతో సంబంధం అనే రెండు కోణాలలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రోగ్రెసివ్ రాక్, పోర్క్యుపైన్ ట్రీ, స్టీవెన్ విల్సన్, కర్తృత్వం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర ఇంగ్లండ్‌లో రూపుదిద్దుకున్న సంగీతశైలి. మూడు నాలుగు నిమిషాల పాట పరిమితిని దాటి దీర్ఘరచనలు చేయడం, జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాల పద్ధతులను రాక్‌లోకి తేవడం, ఆల్బమ్ మొత్తాన్ని ఒకే రచనగా భావించడం దీని ప్రధాన లక్షణాలు. 1969లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్, 1972లో యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఈ శైలికి ప్రమాణాలుగా నిలిచాయి. ఇక్కడి ‘ప్రోగ్రెసివ్’ను మన సాహిత్యంలోని ‘అభ్యుదయం’తో సమానార్థకంగా తీసుకోరాదు. ఇది రూపానికి సంబంధించిన మాటే గాని సామాజిక సిద్ధాంతానికి సంబంధించినది కాదు.

1970ల ద్వితీయార్ధంలో పంక్ సంగీతం వచ్చాక ఈ శైలికి ఆదరణ తగ్గింది. కాలం చెల్లిందనుకున్న ఒక ప్రక్రియను తరువాతి తరం చేపట్టినప్పుడు అది అనుకరణగానే మిగులుతుందా, కొత్త సృష్టి అవుతుందా అన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. కల్పిత చరిత్ర (1987-1992)

హెమెల్ హెంప్‌స్టెడ్‌లో పెరిగిన స్టీవెన్ విల్సన్ తన మిత్రుడు మాల్కమ్ స్టాక్స్‌తో కలిసి సరదాకు ఒక బృందాన్ని కల్పించాడు. అది 1970ల నాటిదని చెప్పి, లేని సభ్యులకు పేర్లు పెట్టి, లేని చరిత్రను అల్లాడు. 1989లో ‘టార్క్విన్స్ సీవీడ్ ఫార్మ్’ అనే క్యాసెట్‌ను విడుదల చేస్తూ ఆ ఊహాజనిత సభ్యుల వివరాలనూ జతపరిచాడు. క్యాసెట్లలోని ఎంపిక చేసిన రచనలతో డిలీరియం సంస్థ 1992లో ‘ఆన్ ది సండే ఆఫ్ లైఫ్’ను వెలువరించింది.

ఈ దశలో సంగీతం దాదాపు ఏకవ్యక్తి సృష్టి. వేరొకరి పేరుతో గ్రంథం వెలువరించడం సాహిత్య పరిశోధకులకు తెలిసిన విషయమే. ఇక్కడ మాత్రం కర్త పేరుతో పాటు అతని కాలాన్ని కూడా కల్పించారు. తాను పుట్టిన కాలం కన్నా తాను అభిమానించిన కాలానికి చెందాలన్న కోరిక ఈ వినోదం వెనుక ఉన్నట్లు భావించవచ్చు.

3. వ్యక్తి నుండి బృందానికి (1993-2001)

1993 నాటి ‘అప్ ది డౌన్‌స్టెయిర్’లో డ్రమ్స్ స్థానంలో యంత్రమే వినిపించేది. రచనలను వేదికమీద వినిపించవలసి వచ్చినప్పుడు మనుషుల అవసరం కలిగింది. కీబోర్డుకు ‘జపాన్’ బృందపు పూర్వసభ్యుడు రిచర్డ్ బార్బియరీ, బేస్ గిటార్‌కు కాలిన్ ఎడ్విన్, డ్రమ్స్‌కు క్రిస్ మెయిట్‌లాండ్ చేరగా 1993 డిసెంబరులో తొలి ప్రదర్శనలు జరిగాయి. 1995 నాటి ‘ది స్కై మూవ్స్ సైడ్‌వేస్’ సగం ఏకవ్యక్తి రచనగా, సగం బృందరచనగా సంధిదశను సూచిస్తుంది. 1996 నాటి ‘సిగ్నిఫై’ పూర్తిగా నలుగురు కలిసి చేసిన తొలి ఆల్బమ్. 1999 నాటి ‘స్టూపిడ్ డ్రీమ్’తో దీర్ఘమైన వాద్యభాగాలు తగ్గి, పాటకూ పల్లవికీ ప్రాధాన్యం పెరిగింది.

4. కొత్త ధ్వని, వర్తమాన వస్తువు (2002-2010)

స్వీడన్‌కు చెందిన ఓపెత్ బృందపు ‘బ్లాక్‌వాటర్ పార్క్’ (2001) నిర్మాణంలో విల్సన్ పాల్గొన్నాడు. హెవీ మెటల్‌తో ఈ సాన్నిహిత్యం 2002 నాటి ‘ఇన్ అబ్సెన్షియా’లో స్పష్టమైంది. అదే ఏడాది మెయిట్‌లాండ్ వైదొలగి గావిన్ హారిసన్ చేరడంతో లయ మరింత సంక్లిష్టమైంది.

2007 నాటి ‘ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్’లో వస్తువే మారింది. టీవీ, వీడియో గేములు, మందుల మధ్య స్పందన కోల్పోతున్న కౌమారం అందులోని వస్తువు. పాత ప్రక్రియలోని దీర్ఘరూపం ఇక్కడ అలంకారం కాదు. 17 నిమిషాలకు మించిన ‘అనస్థటైజ్’లో ఆ నిస్త్రాణత శ్రోతకు అనుభవమయ్యేందుకు ఆ నిడివి తోడ్పడింది. అనుకరణ సృష్టిగా మారిన ఘట్టం ఇదే. 2009లో ‘ది ఇన్సిడెంట్’ వెలువడింది. 2010 అక్టోబరులో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ ప్రదర్శన తరువాత బృందం దీర్ఘవిరామంలోకి వెళ్లింది.

5. గతానికి పరిష్కర్త

2009 నుండి కింగ్ క్రిమ్సన్, ఆ తరువాత జెత్రో టల్, యెస్ బృందాల పాత ఆల్బమ్‌లను మూల టేపుల నుండి మళ్లీ మిశ్రణం చేసే పని విల్సన్‌కు లభించింది. 1970ల చరిత్రను ఒకప్పుడు కల్పించిన వ్యక్తే ఆ కాలపు అసలు ప్రతులకు పరిష్కర్త అయ్యాడు. అయితే తాళపత్ర పరిష్కర్త అనేక ప్రతులను పోల్చి మూలపాఠాన్ని వెదుకుతాడు. ఇతడు ఉన్న ఒకే మూలం నుండి మరొక పాఠాన్ని సిద్ధం చేస్తాడు. సొంత గతమూ ఇందుకు మినహాయింపు కాలేదు. ‘అప్ ది డౌన్‌స్టెయిర్’ 2005 పునర్ముద్రణలో యంత్రపు డ్రమ్స్‌ను తీసివేసి హారిసన్ వాయించినవి చేర్చారు. అందువల్ల ఆ ఆల్బమ్‌ను ఆధారంగా తీసుకునే పరిశోధకుడు ఏ పాఠాన్ని విన్నాడో పేర్కొనడం తప్పనిసరి.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• బృందంగా మారడానికి తక్షణ కారణం వేదిక. రచనకు ఒక్కడు చాలినా ప్రదర్శనకు చాలలేదు.
• ధ్వనిలోని ముఖ్యమైన మలుపులు సభ్యుల రాకపోకలతోను, ఇతర బృందాల సాన్నిహిత్యంతోను ముడిపడి ఉన్నాయి.
• గతం మొదట వేషంగా, తరువాత సాధనంగా, చివరికి బాధ్యతగా మారింది.

2022లో ఎడ్విన్ లేకుండా, విల్సన్, బార్బియరీ, హారిసన్ ముగ్గురుగా ‘క్లోజర్/కంటిన్యుయేషన్’ను వెలువరించారు. బేస్ గిటార్‌ను విల్సనే వాయించాడు. అయినా అందులోని రచనలు చాలావరకు ఉమ్మడి కర్తృత్వంలో రూపొందాయి. లేని సభ్యుల పేర్లతో మొదలైన బృందం, ఉన్న సభ్యుల కర్తృత్వాన్ని గుర్తించే స్థితికి చేరడమే ఈ పరిణామంలోని సారం.