కరెంటు ధర ఎవరు నిర్ణయించాలి?

ధరలు పెరుగుతున్నాయని మనం రోజూ అంటూనే ఉంటాం. ఈ మాటలోనే ఒక మోసం ఉన్నది. ఎండలు ముదురుతున్నాయన్నట్టూ, వాగు పొంగుతున్నదన్నట్టూ, ధరలు వాటంతట అవే పెరుగుతున్నట్టు ఇది ధ్వనిస్తుంది. నిజానికి ఏ ధరా తనంతట తాను పెరగదు. ఎవరో పెంచుతారు, ఎవరికోసమో పెంచుతారు, ఎవరో భరిస్తారు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పని ధరల చరిత్ర వాతావరణ నివేదికలాంటిది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడు ప్రశ్నలూ ఒక్కసారిగా వీధికెక్కిన సందర్భం 2000 సంవత్సరపు విద్యుత్ చార్జీల ఉద్యమం. ఏటా ఆగస్టు 28న హైదరాబాదులో బషీర్‌బాగ్ స్తూపం దగ్గర ఆ ఉద్యమాన్ని తలుచుకుంటాం. అమరులకు నివాళి అర్పించటం మన విధి. అయితే నివాళితో పని తీరిపోదు. ఆ ఉద్యమం ఏమి గెలిచింది, ఏమి గెలవలేకపోయింది అన్న విచారణ కూడా జరగాలి. అప్పటికి పుట్టని విద్యార్థులు ఇవాళ మన తరగతి గదుల్లో కూర్చుంటున్నారు గనుక ఈ పని మరీ అవసరం.

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. కరెంటు ప్రజలకు అందవలసిన సదుపాయమనీ, దాన్ని పల్లెకు చేర్చటం ప్రభుత్వ బాధ్యత అనీ ఆనాటి అవగాహన. బోర్డులో అవినీతి లేదని నేననను. పంపుసెట్లకు మీటర్లు లేవు కనుక, పట్నాల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ జరిగే చౌర్యాన్ని సైతం రైతు వాడకం కింద రాసుకోవటం అధికారులకు సులువుగా ఉండేది. ఆ విధంగా రైతు తాను వాడని కరెంటుకు కూడా అపఖ్యాతి మోశాడు. జబ్బు నిజమే. కాని పాలకులు తెచ్చిన మందు జబ్బును చూసి రాసింది కాదు.

ఆ మందు తయారీ 1991లో ఢిల్లీలో మొదలైంది. కేంద్రంలోని కాంగ్రెసు ప్రభుత్వం విద్యుదుత్పత్తిలోకి ప్రైవేటు పెట్టుబడిని ఆహ్వానించింది. 1992 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం, ప్రైవేటు ప్లాంటు తన సామర్థ్యంలో 68.5 శాతం మేరకు పనిచేస్తే చాలు, యజమాని పెట్టిన వాటా ధనం మీద 16 శాతం ప్రతిఫలం ఖాయం. అంతకు మించి ఉత్పత్తి చేస్తే అదనపు ప్రోత్సాహకం. కొనుగోలు ఒప్పందాల తీరు ఎటువంటిదంటే, బోర్డు కరెంటు తీసుకోకపోయినా స్థిర చార్జీలు చెల్లించవలసిందే. జేగురుపాడులో, కాకినాడలో, కొండపల్లిలో ప్రైవేటు ప్లాంట్లు లేచింది ఈ విధానం నీడలోనే.

రాష్ట్రంలో హితేన్ భయా కమిటీ 1995లో బోర్డును విడగొట్టాలని సిఫార్సు చేసింది. 1998లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు చీలి జెన్‌కో, ట్రాన్స్‌కో అనే రెండు సంస్థలయింది. అదే నెలలో ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల తొలి విడత అప్పు మంజూరు చేసింది. మొత్తం 100 కోట్ల డాలర్ల కార్యక్రమంలో అది మొదటి మెట్టు. చార్జీలు నిర్ణయించే అధికారం కొత్తగా ఏర్పడిన నియంత్రణ కమిషనుకు దక్కింది. 2000లో పంపిణీ పని నాలుగు కంపెనీల చేతికి వచ్చింది. వాటిని ముందుముందు ప్రైవేటు చేతుల్లో పెట్టాలన్నది పథకం.

ఇక్కడ మనం ఒక విషయం గ్రహించాలి. కమిషను వెనక ఉన్న వాదన ఇది: ధరల నిర్ణయం రాజకీయ నాయకుల చేతిలో ఉంటే వాళ్లు ఓట్లకు భయపడి ధర పెంచరు, కనుక ఆ పనిని నిపుణులకు అప్పగించాలి. వినటానికి ఇది ఎంతో శాస్త్రీయంగా ఉన్నది. కాని "ఓట్లకు భయపడటం" అంటే ఏమిటి? ప్రజలకు భయపడటమే గదా! ప్రజలకు భయపడనక్కరలేని చోటికి ధరను తరలించటమే ఈ సంస్కరణలోని అసలు సారం.

2000 నాటికి జనం అప్పటికే కొంత భారం మోస్తున్నారు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం 1996లో మూడున్నర రూపాయలయింది. 1997-98 పంటకాలంలో వరంగల్ జిల్లా పత్తిరైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. ఇంకొక పక్క 1998 నవంబరులో హైటెక్ సిటీ ప్రారంభమయింది. 1999లో విజన్ 2020 పత్రం వెలువడింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చి వెళ్లాడు. ఆ తరువాత రెండు నెలలకే, మే నెలలో, కమిషను తన మొట్టమొదటి చార్జీల ఉత్తర్వు వెలువరించింది. ఇళ్లకూ, పొలాలకూ చార్జీలు పెరిగాయి.

ఆ రోజుల్లో నేను టోలిచౌకిలో అద్దెకుండి విద్యార్థులకు చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక పక్క గోల్కొండ కోట, ఒక పక్క మెహిదీపట్నం. షేక్‌పేట దాటి గుట్ట ఎక్కితే ఫిలింనగర్, జూబ్లీహిల్స్. గల్ఫు నుంచి డబ్బు వచ్చిన ఇంటిమీద మరో అంతస్తు లేచేది. ఆ అంతస్తును గదులుగా విడగొట్టి అద్దెకిచ్చేవారు. మా మేడమీద నాలుగు వాటాలు, నాలుగింటికీ కలిపి ఒకటే మీటరు. ఒక వాటాలో దర్జీ, ఒక వాటాలో ఆటో డ్రైవరు, ఒక వాటాలో ఫిలింనగర్‌లో షూటింగు దీపాలు మోసే లైట్‌మాన్, నాలుగోదానిలో నేను. పగలంతా వేల వాట్ల దీపాలు మోసి వచ్చిన మనిషి ఇంట్లో ఒక్క బల్బు వేసుకుని అన్నం తినేవాడు.

కరెంటు చార్జీకి శ్లాబుల పద్ధతి ఉన్నది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. తక్కువ వాడే పేదకు తక్కువ ధర పడుతుంది. కాగితం మీద ఇది న్యాయమే. కాని ఉదాహరణకు ఒక్కొక్క కుటుంబం 45 యూనిట్లు వాడినదనుకుందాం. ఎవరి మీటరు వారికుంటే నలుగురూ అడుగు శ్లాబులోనే ఉంటారు. నలుగురికీ ఒకటే మీటరైతే అది 180 యూనిట్లు వాడిన ఒక ఇల్లు అవుతుంది. నలుగురి పేదరికం కలిసి ఒక సంపన్నుడి లెక్కగా తేలుతుంది! "సార్, బల్బు నాది ఒక్కటే, బిల్లు మాత్రం బంగళాది" అన్నాడు మా దర్జీ. విద్యుత్ ఆర్థికశాస్త్రం మీద నేను తరువాత చదివిన పుస్తకాల్లో ఇంత సూటి అయిన మాట తక్కువ చూశాను.

ఉద్యమం అంత విస్తృతం కావటానికి కారణం ఇక్కడే ఉన్నది. పల్లెలో బోరుబావి రైతుకూ, పట్నంలో అద్దె కుటుంబానికీ, గుమాస్తాకూ, చిన్న దుకాణదారుకూ సాధారణంగా ఒక వేదిక దొరకదు. బియ్యం ధర పెరిగితే కొనేవాడూ, అమ్మే రైతూ ఎదురెదురుగా నిలబడతారు. కరెంటు చార్జీ ఇద్దరినీ ఒక పక్కన నిలబెట్టింది. వామపక్షాలు ఊరూరా సభలు, ధర్నాలు నడిపాయి. ఆగస్టులో కాంగ్రెసు శాసనసభ్యులు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆగస్టు 28న "చలో అసెంబ్లీ" జరిగింది. శాసనసభకు కూతవేటు దూరంలో, బషీర్‌బాగ్ కూడలిలో పోలీసులు ఊరేగింపును అడ్డగించారు. లాఠీలు, నీటి ఫిరంగులు, గుర్రపు దళం, ఆ తరువాత తుపాకులు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు కోల్పోయారు. ధర నిర్ణయం రాజకీయాలకు అతీతమని చెప్పిన రాజ్యం, ఆ ధరను నిలబెట్టుకోవటానికి తుపాకీ ఎత్తింది. ఇంతకు మించిన రాజకీయం ఏమున్నది?

అదే సంవత్సరం భూగోళానికి ఆవలి పక్కన బొలీవియాలోని కొచబాంబ నగరంలో జనం నీటిచార్జీల మీద తిరగబడ్డారు. ప్రపంచబ్యాంకు ప్రోత్సహించిన ప్రైవేటీకరణ వల్ల ఒక విదేశీ కంపెనీల కూటమి చేతికి నగరపు నీరు వెళ్లింది. చార్జీలు ఒక్కసారిగా పెరిగాయి. అక్కడా తుపాకులు పేలాయి. 17 ఏళ్ల విక్టర్ హ్యూగో దాసా చనిపోయాడు. అయితే అక్కడి ప్రజలు 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్నే రద్దు చేయించారు. మన దగ్గర జరిగింది వేరు. మనం ఒప్పందాలను కదిలించలేదు, ప్రభుత్వాన్ని కదిలించాం.

2004 ఎన్నికల్లో 294 స్థానాల శాసనసభలో తెలుగుదేశం 47కు దిగజారింది. కాంగ్రెసుకు 185 వచ్చాయి. మే 14న ఎల్.బి. స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదటి సంతకం రైతుల ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టారు. ఆ స్టేడియం ఉన్నది బషీర్‌బాగ్ పక్కనే. ఇది ఆ ముగ్గురి మరణానికి దక్కిన విజయమని చెప్పటానికి నాకు సంకోచం లేదు. మరో విజయాన్ని మనవాళ్లు అంతగా చెప్పుకోరు. ఒరిస్సాలో 1999లోనూ, ఢిల్లీలో 2002లోనూ పంపిణీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. మన దగ్గర పంపిణీ కంపెనీలు ప్రభుత్వ యాజమాన్యంలోనే మిగిలాయి. ఆ తరువాత వచ్చిన ఏ ముఖ్యమంత్రీ బషీర్‌బాగ్‌ను మరిచి సాహసించలేదు.

మరి గెలవనిది ఏమిటి? విడగొట్టిన బోర్డు తిరిగి ఒకటి కాలేదు. కమిషను ఉన్నది. ప్రైవేటు ప్లాంట్ల ఒప్పందాలు కొనసాగాయి. 2003లో కేంద్రం చేసిన విద్యుత్ చట్టం ఇదే నమూనాను దేశమంతటికీ పరిచింది. అంటే ధరను తయారుచేసే యంత్రం అట్లాగే ఉండిపోయింది. దానినుంచి వచ్చిన బిల్లులో కొంత భాగాన్ని ఖజానా కట్టటం మొదలుపెట్టింది. ఖజానా ఎవరిది? ఉప్పూ పప్పూ కొన్నప్పుడల్లా పన్ను కట్టే జనానిదే.

మన విమర్శకు కేంద్రం ఇక్కడ ఉండాలి. ఆ యంత్రానికి రెండు గళ్లున్నాయి: ఒకటి "ఖర్చు", రెండోది "సబ్సిడీ". యజమానికి హామీ ఇచ్చిన 16 శాతం లాభం ఏ గడిలో పడుతుంది? ఖర్చు గడిలో. ఖర్చు కనుక అది తప్పనిసరి. దాన్ని ఎవరూ ప్రశ్నించరు. రైతుకూ, అద్దె వాటావాడికీ ఇచ్చే రాయితీ సబ్సిడీ గడిలో పడుతుంది. సబ్సిడీ కనుక అది దయ. దాన్ని పత్రికలు ఏటా ప్రశ్నిస్తాయి. పెట్టుబడికి ప్రతిఫలం హామీ ఇచ్చిన రాజ్యం లైట్‌మాన్ కూలికీ, దర్జీ సంపాదనకూ ఏ శాతమూ హామీ ఇవ్వలేదు. ఏది ఖర్చు, ఏది సబ్సిడీ అని పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే ధర నిర్ణయించేది వాళ్లే.

"ఉచితంగా ఇస్తే ఎవరో ఒకరు కట్టాలి గదా" అని నన్ను తోటి అధ్యాపకులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. ఎవరో ఒకరు కట్టాలి, నిజమే. అయితే ఎంత కట్టాలన్నది ముందు తేలాలి. కొనని కరెంటుకు ఎందుకు కట్టాలి? ఏ ధరకు కొన్నాం, ఎన్నేళ్లకు కొన్నాం, ఎవరిని అడిగి కొన్నాం? ఈ లెక్క అడగకుండా రాయితీ మంచిదా చెడ్డదా అని వాదించటం, బియ్యంలో రాళ్ల సంగతి వదిలి అన్నం ఎవరు వడ్డించాలని తగువులాడటం వంటిది. కమిషన్ల వల్ల ఒక మేలు జరిగిందని కూడా ఒప్పుకోవాలి. బోర్డు రోజుల్లో చీకటిగదిలో ఉన్న పద్దులు బహిరంగ విచారణల్లో బయటపడ్డాయి. అక్కడికి వెళ్లి అంకెలను నిలదీసిన కొద్దిమంది కార్యకర్తలు, ఇంజనీర్లు ఈ ఉద్యమానికి గొప్ప సేవ చేశారు. వాళ్ల వెనక నిలవవలసినంతమంది మనం నిలవలేదు.

అందుకే కథ మళ్లీ మళ్లీ మొదలవుతున్నది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ వచ్చింది. 2024లో అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు ఉచితమయింది. ఇవి అవసరమైనవే. కాని ఒక మీటరు కింద మూడు సంసారాలున్న ఇంట్లో మొత్తం 200 దాటిందంటే ఆ ఉచితం అందదు. పాత అంకగణితమే కొత్త వేషంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర, అంతకు ముందరి సంవత్సరాల్లో ఇంధనానికీ కొనుగోలుకూ అయిన అదనపు ఖర్చంటూ 15 వేల కోట్ల రూపాయలకు పైగా వినియోగదారుల నుంచి రాబట్టటానికి కమిషను అనుమతించింది. నిన్న వాడి, డబ్బు కట్టేసిన కరెంటుకు ఇవాళ మళ్లీ కట్టాలి! జనం విసుక్కున్నారు, ప్రతిపక్షం వీధికెక్కింది. కాని ఆ ఖర్చు గడిని విప్పి చూపమని అడిగినవాళ్లు ఎప్పటిలాగే కొద్దిమంది.

విసుగు ప్రభుత్వాలను మార్చగలదు. 2004 అందుకు సాక్ష్యం. ధరను తయారుచేసే యంత్రాన్ని మార్చాలంటే విసుగు చాలదు, జ్ఞానం కావాలి. ఆ జ్ఞానం సంఘటితం కావాలి. ఆర్థికశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ఒక చార్జీల ఉత్తర్వును తరగతి గదిలోకి తేవచ్చు. విద్యార్థి సంఘం ఒక వీధిలోని మీటర్లెన్ని, సంసారాలెన్ని లెక్కగట్టి బహిరంగ విచారణ ముందు పెట్టవచ్చు. కార్మిక సంఘం వేతనాల బేరానికి పోయినప్పుడు కరెంటు బిల్లులను దస్తావేజులుగా తీసుకుపోవచ్చు. బషీర్‌బాగ్ కూడలిలో పడిపోయినవారు అడిగిన ప్రశ్న బిల్లు తగ్గించమన్నంత చిన్నది కాదు. మా బతుకు ఖరీదును మమ్మల్ని అడగకుండా నిర్ణయించటానికి మీరెవరని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.