నొప్పి మందుకు రోగికి లైసెన్సు అక్కర్లేదు

మార్ఫిన్ పొందేందుకు పల్లె రోగులు అనుసరించాల్సిన మార్గం

క్యాన్సర్ ముదిరిన రోగి ఉన్న ఇంట్లో రాత్రిపూట ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. మందుల దుకాణంలో తెచ్చిన నొప్పి మాత్రలు రెండు గంటలైనా ఆదుకోవు. ‘ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్న మాట విని తిరిగి వచ్చిన కుటుంబానికి, వ్యాధి నయం కాకపోయినా నొప్పిని తగ్గించే మందు ఉందన్న సంగతి చాలాసార్లు తెలియదు. తెలిసినవారికేమో అది మత్తుమందని, ఇంట్లో ఉంచుకుంటే కేసు పెడతారని భయం.

ఆ మందు పేరు మార్ఫిన్. వైద్యుడు రాసిన చీటీపై దానిని వాడే రోగికి లైసెన్సు గానీ, ఏ కార్యాలయం నుంచి అనుమతి పత్రం గానీ అవసరం లేదు. అనుమతి పొందాల్సింది మందును నిల్వ చేసి ఇచ్చే ఆసుపత్రి మాత్రమే. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల ఎందరో పల్లె రోగులు చివరి రోజులను నరకయాతనతో గడుపుతున్నారు. చట్టం ఏం చెబుతోంది, మందు ఎక్కడ అడగాలి, ఏ కాగితాలు వెంట తీసుకెళ్లాలి అన్న వివరాలు పాఠకుల కోసం..

గంజాయికి అనుమతి ఇస్తారా?

క్యాన్సర్ నొప్పికి గంజాయి పనిచేస్తుందట, విదేశాల్లో అనుమతి ఇస్తారట అన్న మాట గ్రామాల వరకూ చేరింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1996లో, కెనడా 2001లో వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించిన మాట నిజమే. మన దేశంలో మాత్రం రోగికి గంజాయి వాడుకునేందుకు అనుమతి పత్రం ఇచ్చే విధానం లేదు. మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది వరకు జైలుశిక్ష, పది వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ‘రోగి కోసం తెచ్చాం’ అన్న సమాధానం చట్టం ముందు నిలవదు.

విదేశాల్లో ఉంటున్న పిల్లలు తల్లిదండ్రుల బాధ చూడలేక అక్కడ దుకాణాల్లో బహిరంగంగా అమ్మే గంజాయి నూనె, జెల్లీ మిఠాయిలు వెంట తెచ్చే ప్రయత్నం చేయరాదు. అక్కడ చట్టబద్ధమైన వస్తువే ఇక్కడి విమానాశ్రయంలో దిగగానే అక్రమ దిగుమతి కిందకు వస్తుంది. గంజాయి ఆకుతో తయారయ్యే కొన్ని ఆయుర్వేద ఔషధాలు లైసెన్సుతో తయారవుతున్నా, తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి అవి మార్ఫిన్‌కు ప్రత్యామ్నాయం కావు. చట్టబద్ధమైన, వైద్యశాస్త్రం నిర్ధారించిన మందు అందుబాటులో ఉండగా చట్టవిరుద్ధమైన దారి వెతకాల్సిన పని లేదు.

చట్టం ఎలా మారింది?

ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. మత్తుమందుల అక్రమ రవాణాను అరికట్టేందుకు తెచ్చిన ఈ చట్టం రోగులకు కూడా అడ్డుగోడగా మారింది. మార్ఫిన్ నిల్వ చేయాలంటే ఆసుపత్రులు ఒకటికి నాలుగు లైసెన్సులు, వేర్వేరు శాఖల నుంచి పొందాల్సి వచ్చేది. ఒకటి చేతికి వచ్చేసరికి మరొకదాని గడువు తీరేది. చిన్న పొరపాటుకూ కఠిన శిక్షలుండటంతో ఆసుపత్రులు, దుకాణాలు ఆ మందునే మానుకున్నాయి. 1985 ప్రాంతంలో ఏటా దాదాపు 600 కిలోలు ఉన్న వినియోగం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండించి ఎగుమతి కూడా చేసే దేశంలో ఈ పరిస్థితి నెలకొనడం గమనార్హం.

కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్ వంటి వైద్యులు ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితంగా పార్లమెంటు 2014లో చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, కోడీన్.. ఈ ఆరింటిని ‘అత్యవసర మాదక ఔషధాలు’గా గుర్తించి 2015 మేలో కొత్త నిబంధనలు ప్రకటించారు. వీటి ప్రకారం ఆసుపత్రి ఒక్క రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి నుంచి ‘గుర్తింపు పొందిన వైద్య సంస్థ’గా అనుమతి తీసుకుంటే చాలు. రోగి విషయానికి వస్తే, తన చికిత్స కోసం ఒకసారి ఇచ్చిన పరిమాణాన్ని దగ్గర ఉంచుకునే హక్కు అవే నిబంధనల్లో ఉంది.

చట్టం మారినా మందు పల్లెలకు పూర్తిగా చేరలేదు. భారతదేశంలో అవసరమైన దానిలో నాలుగు శాతం మాత్రమే రోగులకు అందుతోందని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2017లో లెక్కగట్టింది.

ఎవరికి ఇస్తారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల విధానాన్ని సూచించింది. తక్కువ నొప్పికి పారాసెటమాల్ వంటివి, మధ్యస్థంగా ఉంటే కోడీన్, ట్రమడాల్ వంటివి, తీవ్రమైతే మార్ఫిన్ అన్నది దాని సారాంశం. మందును నిర్ణయించేది నొప్పి తీవ్రత. మరణం దగ్గరపడిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. చికిత్స కొనసాగుతున్న రోగులకు కూడా నొప్పి తీవ్రంగా ఉంటే వైద్యులు ఇది రాస్తారు. నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమని అడుగుతారు. ‘పర్లేదు, ఓర్చుకుంటున్నాను’ అని మొహమాటంతో తగ్గించి చెబితే నష్టపోయేది రోగే.

‘ఆర్‌ఎంపీ’ అంటే ఎవరు?

మార్ఫిన్‌ను ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ రాయాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ మూడు మాటల పొడి అక్షరాలే మన గ్రామాల్లో ‘ఆర్‌ఎంపీ’గా చలామణిలో ఉన్నాయి. ఇక్కడ పొరపడరాదు. చట్టం చెప్పేది వైద్య మండలిలో పేరు నమోదైన ఎంబీబీఎస్, ఆపై చదువుల వైద్యుల గురించి. ఊళ్లో సూదిమందు వేసే ఆర్‌ఎంపీకి మార్ఫిన్ రాసే అధికారం లేదు. ఆయన చేయగలిగిన మేలు ఒక్కటే. రోగిని సరైన కేంద్రానికి పంపడం.

మందు పొందే మార్గం

1. తొలుత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి చూపించాలి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఇప్పటివరకు వాడిన మందులేవి అన్నది రాయించుకుని, ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) కేంద్రానికి సిఫారసు చీటీ అడగాలి. ఆశ కార్యకర్త, ఏఎన్‌ఎం సాయం తీసుకోవచ్చు.

2. జిల్లా ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం గానీ, ఎన్‌సీడీ క్లినిక్ గానీ ఉందేమో వాకబు చేయాలి. తెలంగాణలో 2017 నుంచి జిల్లా ఆసుపత్రుల్లో ఈ కేంద్రాలను దశలవారీగా ప్రారంభించారు. మంచం పట్టిన రోగుల ఇళ్లకు సిబ్బంది వెళ్లి చూసే ‘ఆలన’ సేవ కూడా వీటికి అనుబంధంగా మొదలైంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, విశాఖ సమీపంలోని ఆగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగాలున్నాయి.

3. బయలుదేరే ముందు రెండు సంగతులు ఫోన్‌లో కనుక్కోవాలి. ఉపశమన చికిత్స ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది? మార్ఫిన్ మాత్రలు ప్రస్తుతం నిల్వ ఉన్నాయా? ఈ రెండూ తెలియకుండా వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి రావడం రోగికి రెట్టింపు శిక్ష.

4. వెంట ఉండాల్సినవి: బయాప్సీ నివేదిక, డిశ్చార్జి పత్రం, స్కానింగ్ నివేదికలు, వాడుతున్న మందుల అట్టలు, రోగి గుర్తింపు కార్డు, తోడు వచ్చే వ్యక్తి గుర్తింపు కార్డు. అసలు కాగితాలతోపాటు ఒక జత నకళ్లు ఉంచుకోవడం మంచిది.

5. చీటీ చేతికి వచ్చాక అక్కడే చదివించుకోవాలి. రోగి పేరు, చిరునామా, మందు పేరు, మోతాదు, మొత్తం పరిమాణం, తేదీ, వైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ఒక్కటి లోపించినా మందు ఇచ్చే చోట వెనక్కి పంపవచ్చు.

6. తొలిసారి రోగిని స్వయంగా చూడకుండా మందు ఇవ్వరు. ఆ తర్వాత రోగి కదలలేని స్థితిలో ఉంటే పాత చీటీ, చికిత్స పుస్తకం చూపిన కుటుంబ సభ్యుడికి ఇచ్చే పద్ధతి పలు కేంద్రాల్లో ఉంది. ఎవరు వస్తారో ముందే రాయించాలి. ఎన్ని రోజులకు సరిపడా ఇస్తారన్నది కేంద్రాన్ని బట్టి ఉంటుంది. దూరప్రాంతం నుంచి వస్తున్నామని చెప్పి ఎక్కువ రోజులకు కోరవచ్చు. మాత్రలు వారం రోజులకు మిగిలి ఉండగానే తదుపరి ప్రయాణం పెట్టుకోవాలి.

ఫోన్‌లో చీటీ కుదరదు

దూరవైద్యంపై 2020 మార్చిలో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం మాదక ఔషధాలను ఫోన్‌లో గానీ, వీడియోలో గానీ చూసి రాయకూడదు. ఇతర మందుల మాదిరిగా వాట్సాప్‌లో వచ్చిన చీటీతో మార్ఫిన్ పొందలేరు. సాధారణ మందుల దుకాణాల్లోనూ ఇది దొరకడం అరుదు. ‘ఎక్కువ డబ్బిస్తే తెప్పిస్తాం’ అనే వారిని నమ్మరాదు. మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. అధిక ధర అడుగుతున్నారంటేనే అనుమానించాలి.

తనిఖీల్లో భయం వద్దు

గంజాయి రవాణాపై నిఘా ఉన్న మార్గాల్లో, ముఖ్యంగా విశాఖ మన్యం దారుల్లో బస్సుల తనిఖీ మామూలే. మార్ఫిన్ తీసుకెళ్లేవారు మాత్రలను అట్ట నుంచి విడదీసి పొట్లం కట్టరాదు. పేరు కనిపించే అట్టతో, వైద్యుడి చీటీతో కలిపి ఒకే సంచిలో ఉంచుకోవాలి. అడిగితే దాచకుండా చూపాలి. చీటీలో రాసిన పరిమాణం, చేతిలో ఉన్న పరిమాణం సరిపోతే జంకాల్సిన పని లేదు.

ఇంట్లో జాగ్రత్తలు

* నొప్పి వచ్చాక వేసుకునే మందు కాదిది. గడియారం చూసి వేసుకోవాలి. సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. రాత్రి నిద్ర చెడకుండా మోతాదును వైద్యుడు సర్దుతారు.

* నెమ్మదిగా కరిగే రకం మాత్రలను నూరి, చిదిమి ఇవ్వరాదు. మింగలేని రోగి గురించి వైద్యుడికి ముందే చెబితే వేరే రూపంలో రాస్తారు.

* మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. చీటీలో అది లేకపోతే అడగాలి.

* మొదటి కొద్ది రోజులు వికారం, మగత ఉండవచ్చు. చాలామందికి తగ్గిపోతాయి.

* పిలిచినా పలకనంత నిద్ర, శ్వాస బాగా నెమ్మదించడం, కంటిపాప సూదిమొనంత కావడం ప్రమాద సూచనలు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

* మూత్రపిండాల జబ్బు ఉంటే ముందుగా చెప్పాలి. మద్యం, నిద్రమాత్రలు కలిపి తీసుకోరాదు.

* తాళం ఉన్న పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉంచాలి. మరొకరి నొప్పికి ఇవ్వడం నేరమే కాక ప్రాణాపాయం. రోగి కన్నుమూశాక మిగిలిన మాత్రలను ఇచ్చిన కేంద్రానికే అప్పగించాలి.

ఇవీ అపోహలు

‘మార్ఫిన్ ఇస్తే త్వరగా పోతారు’ అన్నది వాస్తవం కాదు. వైద్యుడు చెప్పిన మోతాదులో వాడితే ఆయుష్షు తరగదు. నొప్పి తగ్గిన రోగి నాలుగు ముద్దలు తింటాడు, నిద్రపోతాడు, ఇంటివారితో మాట్లాడతాడు. ‘అలవాటు పడిపోతారు’ అన్నది మరో భయం. నొప్పి కోసం వైద్యుల పర్యవేక్షణలో వాడే క్యాన్సర్ రోగుల్లో వ్యసనం అరుదు. శరీరం మందుకు అలవాటు పడుతుంది కనుక హఠాత్తుగా ఆపకూడదు, వైద్యుడు చెప్పినట్లు క్రమంగా తగ్గించాలి. ‘ఇప్పుడే ఇస్తే చివర్లో పనిచేయదు’ అని దాచిపెట్టడమూ సరికాదు. నొప్పి పెరిగితే మోతాదు పెంచే వీలుంది.

మీ ఆసుపత్రిలో లేకపోతే..

ఏరియా ఆసుపత్రిలో మార్ఫిన్ లేదంటే చట్టం అడ్డుగా ఉందని కాదు. ఆ ఆసుపత్రి గుర్తింపు కోసం దరఖాస్తు చేయకపోయి ఉండవచ్చు. నొప్పి నివారణ, ఉపశమన చికిత్సలో శిక్షణ పొందిన వైద్యుడు ఒకరు ఉండాలి. మందును భద్రంగా దాచే ఏర్పాటు, ప్రతి మాత్రకూ లెక్క రాసే రిజిస్టరు ఉండాలి. ఏటా ఎంత మందు అవసరమో అంచనా పంపాలి. ఈ ఏర్పాట్లతో రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలోనో, కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి తరహా అర్జీల కార్యక్రమంలోనో, జిల్లా వైద్యారోగ్యశాఖాధికారికి రాతపూర్వకంగానో ఈ విషయం అడగవచ్చు. ‘మార్ఫిన్ ఎందుకు లేదు’ అనడం కన్నా ‘మన ఆసుపత్రికి గుర్తింపు కోసం దరఖాస్తు చేశారా, శిక్షణకు ఎవరిని పంపారు’ అని అడిగితే స్పష్టమైన సమాధానం వస్తుంది.

వ్యాధి ముదిరాక ఆసుపత్రి నుంచి పంపేసేటప్పుడు బంధువులు మర్చిపోకుండా అడగాల్సిన మాట ఒకటుంది. ‘జబ్బు సంగతి అర్థమైంది. నొప్పికి ఏం రాస్తున్నారు? అయిపోతే ఎక్కడ ఇస్తారు?’ ఆ సమాధానాన్ని చీటీపై రాయించుకున్నాకే ఇంటిదారి పట్టడం మేలు.