పెనాంగ్‌లో ఇల్లు వెతికేముందు

మలేషియాలో పెట్రోలు బంకుకు వెళితే పంపు ఒక్కటే, రాన్ 95 పెట్రోలూ ఒక్కటే, ధరలు మాత్రం రెండు. జేబులో మైకాడ్ అనే గుర్తింపు కార్డు ఉన్న పౌరుడికి లీటరు 1.99 రింగిట్లు. వెనక కారులో వచ్చిన హైదరాబాదీ ఇంజనీరుకు ఆ ధర లేదు. 2025 సెప్టెంబరు చివర ఈ పద్ధతి మొదలైనప్పుడు సబ్సిడీ లేని ధర 2.60గా ఉంది. అంతకుముందు ఏళ్ల తరబడి ఇక్కడ కాపురమున్న విదేశీయులూ స్థానికులూ అందరూ 2.05కే కొట్టించుకున్నారు.

తక్కువ ఖర్చుతో, భయం లేకుండా బతకడానికి ఏ దేశం మంచిదని ఆరా తీసేవారికి ఎవరో ఒకరు మలేషియాలోని పెనాంగ్ దీవి పేరు చెబుతారు. చెప్పడానికి కారణాలున్నాయి. దాదాపు ఎక్కడైనా ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోసె, కరివేపాకు, పూలదండలు అన్నీ దొరుకుతాయి. ప్రైవేటు ఆస్పత్రులకు సముద్రం అవతలి ఇండోనేషియా నగరం మెదాన్ నుంచి కూడా రోగులు వస్తారు. ప్రపంచ శాంతి సూచీలో మలేషియా కొన్నేళ్లుగా తొలి ఇరవై దేశాల్లో ఉంటోంది. అయితే ఇక్కడి చవకకూ, ఇక్కడి ప్రశాంతతకూ పుట్టిన తేదీలున్నాయి. ఒక్కో సంక్షోభం గడిచాక ప్రభుత్వం ఒక్కో కట్టుబాటు చేసింది. ఆ కట్టుబాట్లలో కొత్తగా వచ్చినవాడి చోటేమిటో అద్దెల ప్రకటనల్లో రాయరు.

ముందుగా పెట్రోలు బంకులో చూపించే ఆ కార్డు సంగతి. 1948 జూన్‌లో పెరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుట్ దగ్గర ముగ్గురు యూరోపియన్ తోటల దొరలను కమ్యూనిస్టు గెరిల్లాలు కాల్చి చంపారు. బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. అది పన్నెండేళ్లు, 1960 జులై 31 దాకా సాగింది. పన్నెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఫొటో, వేలిముద్ర ఉన్న గుర్తింపు కార్డు తీసుకోవాలన్న నిబంధన అప్పుడే వచ్చింది. ఎవరు ఊరివాళ్లో, ఎవరు అడవి నుంచి వచ్చారో పోల్చుకోవడం దాని ఉద్దేశం. అది తెలిసే గెరిల్లాలు దొరికిన కార్డునల్లా చించేసేవారు. 1950లో మొదలైన బ్రిగ్స్ ప్రణాళిక కింద అడవి అంచున బతికే సుమారు ఐదు లక్షల మందిని, ఎక్కువగా చైనీయులను, ముళ్లకంచె వేసిన ‘కొత్త గ్రామాల’కు తరలించారు. బియ్యం కొలతవేసి ఇచ్చారు. తోటల కూలీల లైన్లను కూడా ఒకచోటికి చేర్చి కంచె కట్టారు. కంచెలు పోయాయి, కార్డు మిగిలింది. 2001లో దానికి చిప్ చేరి మైకాడ్ అయింది. ఆస్పత్రిలో, బ్యాంకులో, ఇప్పుడు పెట్రోలు బంకులో కూడా మనిషిని దాంతోనే లెక్కగడతారు.

ఆ కార్డు రంగు కొన్ని తెలుగు కుటుంబాల తలరాత కూడా రాసింది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి జనం మలయా రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ వలస వచ్చారు. లోయర్ పెరాక్‌లోని బాగన్ దాతో తీరంలో తెలుగు మాట గట్టిగా వినిపించేది. తోటల్లో తెలుగు బడులుండేవి. 1938లో నాటి భారత ప్రభుత్వం తోటల కోసం కూలీలను పంపడం నిలిపేసింది. అప్పటికి వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 1955లో వారు మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. నేటి మలేషియా తెలుగు సంఘానికి మూలం అదే.

1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చేముందు మలయ్, చైనీస్, భారతీయ పార్టీల మధ్య ఒక బేరం కుదిరింది. వలస వచ్చినవారికి పౌరసత్వం సులువు చేస్తారు. బదులుగా మలయ్‌ల ప్రత్యేక స్థానాన్ని రాజ్యాంగం 153వ అధికరణం కాపాడుతుంది. స్వాతంత్ర్యం తర్వాత ఈ గడ్డ మీద పుట్టిన పిల్లలు అప్పటి నిబంధన ప్రకారం పుట్టుకతోనే పౌరులు. అంతకుముందు వచ్చిన పెద్దవాళ్లు మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. తోటలోనే బతుకు గడిపిన చాలామందికి ఆ అవసరమే తోచలేదు. ఉద్యోగం తోట ఇచ్చింది, ఇల్లు తోట ఇచ్చింది, ఇక కాగితంతో పనేముంది అనుకున్నారు. 1969లో పౌరులు కానివారికి వర్క్ పర్మిట్ తప్పనిసరి అయ్యేసరికి వేలాది భారతీయ కూలీలు పని పోగొట్టుకొని ఓడెక్కారు. ఉండిపోయిన కొందరికి పౌరుల నీలం కార్డుకు బదులు శాశ్వత నివాసి అన్న ఎర్ర కార్డే దక్కింది, అలాగే ముసలివాళ్లయ్యారు. దశాబ్దాలు కాపురం చేసిన చోట కూడా భద్రత కాగితం మీదే ఆధారపడిందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ తెలుగువారికి దొరకదు.

అదే ఏడాది మరో దెబ్బ తగిలింది. 1969 మే 10న ఎన్నికలు జరిగాయి. పాలక కూటమికి సీట్లు తగ్గాయి. మే 13 సాయంత్రం కౌలాలంపూర్‌లో మలయ్‌లకూ చైనీయులకూ మధ్య మారణకాండ మొదలైంది. అధికారిక లెక్కలో 196 మంది చనిపోయారు. పార్లమెంటు 1971 ఫిబ్రవరి దాకా సమావేశం కాలేదు. తొలి ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ 1970లో తప్పుకొని తున్ అబ్దుల్ రజాక్‌కు పగ్గాలిచ్చారు. 1971లో వచ్చిన నూతన ఆర్థిక విధానం రెండు లక్ష్యాలు చెప్పింది: జాతి ఏదైనా పేదరికం పోవాలి, ఏ వృత్తీ ఏ వ్యాపారమూ ఒక జాతి సొత్తుగా ఉండకూడదు. కంపెనీల వాటాల్లో భూమిపుత్రుల (అంటే మలయ్‌లు, ఇతర మూలవాసుల) భాగం రెండు శాతం చిల్లర నుంచి ఇరవై ఏళ్లలో 30 శాతానికి పెరగాలని గురి పెట్టుకున్నారు. సర్కారు ఉద్యోగాలు, యూనివర్సిటీ సీట్లు, చివరికి కొత్త అపార్ట్‌మెంట్లలో రాయితీ ధరలు కూడా ఈ విధానం నీడలోకి వచ్చాయి.

దాంతోపాటు నోటికి హద్దులు కూడా వచ్చాయి. పౌరసత్వం, 153వ అధికరణం, జాతీయ భాష, సుల్తానుల స్థానం, వీటిని ప్రశ్నించడం 1971 సవరణలతో రాజద్రోహ నేరమైంది. పార్లమెంటు సభ్యులకు కూడా మినహాయింపు లేదు. 2007 నవంబరు 25న వేలాది మలేషియా భారతీయులు హిందూ హక్కుల సంస్థ హిండ్రాఫ్ పిలుపు మీద కౌలాలంపూర్ వీధుల్లోకి వచ్చిన తర్వాత ఐదుగురు నాయకులను విచారణ లేకుండా నిర్బంధించారు. రాత్రి పదింటికి ఆడపిల్ల భయపడకుండా తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటల్లో టీ తాగగలగడం నిజం. ఏ సంగతి ఆ బల్ల దగ్గర గట్టిగా మాట్లాడకూడదో అక్కడున్న అందరికీ తెలిసి ఉండటమూ నిజమే.

ఇక పెనాంగ్. 1786లో ఈస్టిండియా కంపెనీ కోసం ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవి మీద దిగినప్పటి నుంచి స్వాతంత్ర్యం దాకా ఇది నేరుగా బ్రిటిష్ వలస. అందుకే పెనాంగ్‌కు సుల్తాను లేరు, గవర్నరుంటారు. పక్కనున్న కెడా రాష్ట్రంలో మలయ్‌లు మాత్రమే కొనగల రిజర్వ్ భూములున్నాయి, పెనాంగ్‌లో లేవు. బయటివారు స్థలం గురించి అడిగితే ఏజెంట్లు మొదట ఈ దీవి పేరే ఎత్తడానికి ఇదీ ఒక కారణం.

కానీ 1960ల చివర ఈ దీవి బతుకు దుర్భరంగా ఉండేది. సుంకాలు లేని స్వేచ్ఛా రేవు హోదా పోయింది. ఓడల మీద, సరుకు మీద బతికిన ఊరికి పని లేకుండా పోయింది. 1969 ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రి అయిన లిమ్ చాంగ్ యూ ఫ్యాక్టరీలు తెప్పించడానికి కాలికి బలపం కట్టుకొని తిరిగారు. 1972లో బయాన్ లెపాస్ దగ్గర వరిపొలాల చోట స్వేచ్ఛా వాణిజ్య మండలి వెలిసింది. ఇంటెల్ అదే ఏడాది వచ్చింది. తర్వాత సెమీకండక్టర్ కంపెనీలు వరసకట్టాయి. నేడు అక్కడి చిప్ డిజైన్ ఆఫీసుల్లో తెలుగు వినబడటానికి ఆ వరిపొలాల్లోనే పునాది పడింది. జీతాలు వచ్చాయి, జీతాల వెంట ప్రైవేటు ఆస్పత్రులు, బడులు పెరిగాయి. 1985లో దీవినీ ప్రధాన భూభాగాన్నీ కలుపుతూ 13.5 కిలోమీటర్ల వంతెన వచ్చింది.

మరి అద్దెలు? జార్జ్‌టౌన్ పాత వీధుల్లో ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా అద్దె నిజంగానే చవక. చట్టమే అలా ఉంచింది. 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం 1948కి ముందు కట్టిన ఇళ్ల అద్దెను పెంచనివ్వలేదు. కింద దుకాణం, పైన కాపురం ఉండే షాప్‌హౌస్‌లలో తకరం పనివాళ్లు, పూసలు గుచ్చేవాళ్లు, చాపలు అల్లేవాళ్లు, వెదురు బుట్టలవాళ్లు తరాల తరబడి తక్కువ అద్దెకు ఉన్నారు. అద్దె రాని ఇంటికి యజమాని సున్నమైనా కొట్టించలేదు, కూల్చి కట్టడమూ అతనికి లాభం కాలేదు. ఊరంతా పాతదిగా మిగిలింది. ఆ చట్టాన్ని 1997లో రద్దు చేశారు, ఆ రద్దు 2000 మొదటి నుంచి అమలైంది. అద్దెలు ఒక్కసారిగా ఎగిశాయి. పాత కుటుంబాలు శివార్ల ఫ్లాట్లకు తరలిపోయాయి, తలుపులు మూసిన ఇళ్లు వరసలు వరసలుగా మిగిలాయి. 2008 జులైలో యునెస్కో జార్జ్‌టౌన్‌ను మెలకాతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పుడు ఆ ఇళ్లు హోటళ్లుగా, కాఫీ షాపులుగా తెరుచుకున్నాయి. పర్యాటకులు ఫొటోలు తీసుకునే అందం 30 ఏళ్లకు పైగా సాగిన అద్దె నియంత్రణ మిగిల్చినది. అద్దె కట్టిన మనుషులు మాత్రం ఇప్పుడు ఆ వీధుల్లో పెద్దగా లేరు.

కొత్తగా వచ్చే విదేశీయుడు ఆ పాత అద్దెను కలలో కూడా చూడడు. కొనాలన్నా లెక్క వేరు. భూమి ఇక్కడ రాష్ట్రాల అధికారం. విదేశీయులు ఫలానా ధరకు తక్కువైన ఇల్లు కొనకూడదని ఒక్కో రాష్ట్రం ఒక్కో గీత గీసింది, చాలాచోట్ల అది 10 లక్షల రింగిట్లు. స్థానికులు కొనుక్కునే చవక ఇళ్ల ధరలు పాడుకాకుండా ఉండాలని ఆ గీత. అమ్మేటప్పుడు లాభం మీద పన్ను విదేశీయుడికి మొదటి ఐదేళ్లలో 30 శాతం, ఆ తర్వాత 10 శాతం. 2024 నుంచి కొనేటప్పటి స్టాంపు డ్యూటీ కూడా వేరు చేశారు. ఆస్పత్రి సంగతీ అంతే. సర్కారు క్లినిక్‌లో పౌరుడు ఒక్క రింగిట్‌కు చూపించుకుంటాడు, విదేశీయుడి ఫీజుల పట్టిక వేరు. కాబట్టి పెనాంగ్‌లో ఇంటి అద్దె తర్వాత బడ్జెట్లో రాసుకోవలసింది వైద్య బీమా. అరవై దాటాక దాని ప్రీమియం ఎంతవుతుందో వీసాకు ముందే కనుక్కోవడం మంచిది. చవకగా మిగిలేది వీధిబండి భోజనం. ఆ బండ్ల దగ్గర స్థానిక వంటకాలను విదేశీ పనివాళ్లు వండకూడదని పెనాంగ్ 2016 నుంచి నిషేధం పెట్టింది.

ఎక్కువ కాలం ఉండటానికి చాలామంది ఎంచుకునే దారి మలేషియా మై సెకండ్ హోమ్. 2002లో ఆ పేరుతో మొదలైంది. చాలాకాలం నెలకు 10,000 రింగిట్ల ఆదాయం, యాభై దాటినవారికి లక్షన్నర రింగిట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపిస్తే పదేళ్ల వీసా వచ్చేది. 2021లో ప్రభుత్వం ఆదాయాన్ని 40,000కూ, డిపాజిట్‌ను 10 లక్షలకూ పెంచింది. అప్పటికే ఇల్లు కొనుక్కొని కాపురం పెట్టినవారు బెంబేలెత్తారు. జొహోర్ సుల్తాను కూడా బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2024లో మళ్లీ మార్చి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు మెట్లు చేశారు. ఆ మూడింటిలో కింది మెట్టుకే 1,50,000 అమెరికన్ డాలర్ల డిపాజిట్, దానిపైన కనీసం 6 లక్షల రింగిట్ల ఇల్లు కొని తీరాలి. మూడేళ్లలో రెండుసార్లు మారిన పథకం మీద ముప్పై ఏళ్ల ముసలితనాన్ని ఆనించేముందు ఆలోచించాలి. పౌరసత్వం అడగాలంటే పన్నెండేళ్లలో పదేళ్ల నివాసం ఉండాలి, మలయ్ భాష రావాలి, ఆ పైన ప్రభుత్వం ఇష్టం. భారత పాస్‌పోర్టు వదులుకోవాలి కూడా.

దీవి కాదనుకునేవారికి ఇదే దేశంలో మరో తలుపుంది. 1963లో మలేషియాలో చేరేటప్పుడు బోర్నియో రాష్ట్రాలైన సరావాక్, సబా తమ సరిహద్దు మీద అధికారం తమకే ఉంచుకున్నాయి. కౌలాలంపూర్ పౌరుడు కూడా సరావాక్ రాజధాని కూచింగ్‌లో ఉద్యోగం చేయాలంటే పర్మిట్ తీసుకోవాలి. అందుకే సరావాక్ సెకండ్ హోమ్ పథకాన్ని తన షరతులతో వేరుగా నడుపుతోంది. తెలుగు పండుగలు, గుడులు, పచారీ దుకాణాలు అక్కడ పెనాంగ్‌లో ఉన్నంతగా ఉండవు.

ఏ ఊరైనా, ఇంటి ధరతోపాటు నేల వాలు చూసుకోవాలి. 1993 డిసెంబరు 11న కౌలాలంపూర్ శివారులో హైలాండ్ టవర్స్ అపార్ట్‌మెంట్లలో ఒక బ్లాకు కూలి 48 మంది చనిపోయారు. 2017 అక్టోబరులో పెనాంగ్‌లోని తంజుంగ్ బుంగాలో అపార్ట్‌మెంట్ల కోసం తవ్విన వాలు విరిగిపడి 11 మంది నిర్మాణ కార్మికులు మరణించారు. వారిలో ఎక్కువమంది వలసకూలీలు. మరుసటి నెల తొలి వారంలోనే తుపాను గాలివానకు జార్జ్‌టౌన్ వీధులు మునిగాయి. కొండకు ఆనుకొని, సముద్రం కనిపించే ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక ఏడాది అద్దెకుండి చూసినవారికి చాలా తెలుస్తుంది: సుమత్రా అడవుల మంటల పొగ కమ్మే సెప్టెంబరు, వీధిలో నీరు నిలిచే నవంబరు, లిఫ్టు పాడైన వారం, ఆస్పత్రి మొదటి బిల్లు, బీమా కంపెనీ మొదటి ఉత్తరం. ఆ ఏడాదిలో వీసా నిబంధనలు మళ్లీ మారాయేమో కూడా తెలిసిపోతుంది.