పద్నాలుగేళ్ల ఇంతెజార్

'ఖోదా పహాడ్, నిక్లా చూహా' అని మన ఇళ్లల్లో అంటుంటారు. తెలుగువాళ్లు అదే మాటను కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. రెండు జబాన్లలోనూ అందరూ ఎలుకను చూసి నవ్వుతారు. అన్నేళ్లు ఎందుకు తవ్వారో, తవ్వినవాళ్ల మెహనత్ ఏమైందో ఎవరూ అడగరు. వీడియో గేముల తారీఖ్‌లో అలాంటి తవ్వకం ఒకటుంది. దాని పేరు డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్.

అమెరికాలోని టెక్సస్‌లో త్రీడీ రెల్మ్స్ అనే చిన్న కంపెనీ ఉండేది. 1996లో వాళ్లు తెచ్చిన డ్యూక్ న్యూకెమ్ త్రీడీ బాగా కామ్యాబ్ అయింది. వేరే గ్రహాల నుంచి వచ్చినవాళ్లను తుపాకీతో, నోటితో కూడా ఎదుర్కొనే హీరో అతను. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దాని తరువాయి భాగాన్ని ప్రకటించారు. 1998లో వచ్చేస్తుందని వాదా చేశారు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. ప్రతి గేము అడుగునా ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మనిషి నడవడం, వెలుగు పడడం, గోడ తగిలితే ఆగడం, అన్నీ అదే చూసుకుంటుంది. ఇంజిన్ మార్చడమంటే ఇంటి పునాది మార్చడమే. పైన కట్టిన గోడల్లో చాలామటుకు మళ్లీ లేపాలి. వీళ్లు క్వేక్ 2 ఇంజిన్‌తో మొదలుపెట్టారు. 1998 మేలో ఎగ్జిబిషన్‌లో చూపించి వాహ్వా అనిపించుకున్నారు. ఆ జూన్‌లోనే దాన్ని వదిలేసి అన్‌రియల్ ఇంజిన్‌కు మారుతున్నామన్నారు.

ఆ జమానా అలాంటిది. 1998లో హాఫ్ లైఫ్ వచ్చింది, 2001లో హేలో వచ్చింది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా నిన్నటిది పాతదైపోయేది. ప్రాజెక్టు నడిపిన జార్జ్ బ్రూసార్డ్‌కు ఎక్కడ కొత్తది కనిపించినా అది తన గేములోనూ ఉండాలి. 2001లో చూపిన ట్రైలర్ చూసి జనం మళ్లీ ఉమ్మీద్ పెట్టుకున్నారు. ఎప్పుడొస్తుందని అడిగితే మాత్రం, పూర్తయినప్పుడు వస్తుందన్నదే జవాబు. ఆ జవాబు చివరికి మజాక్‌గా మారింది.

తొందరపెట్టేవాళ్లు ఎందుకు లేరంటే, ఖర్చంతా వాళ్ల సొంత పైసా. మొదటి గేము తెచ్చిన దౌలత్ అది. 2 కోట్ల డాలర్లకు పైగా తమ డబ్బే పెట్టామని యజమానుల్లో ఒకరైన స్కాట్ మిల్లర్ తర్వాత చెప్పుకున్నారు. నేను అఖ్బార్‌లో పనిచేసేవాణ్ని. రాత్రి ఫలానా టైంకి పేజీ వెళ్లిపోవాలి. ఆ టైంను రోజూ తిట్టుకుంటాం. అదే లేకపోతే నా వార్త ఒక్కటీ పూర్తయ్యేది కాదు. అక్కడ బ్రూసార్డ్‌కు 'బస్, ఇక చాలు' అని చెప్పే హక్కు ఎవరికీ లేకపోయింది.

దాని కీమత్ కట్టింది పనివాళ్లు. గేము వచ్చాక లాభంలో హిస్సా దొరుకుతుందని చాలామంది తక్కువ జీతానికే పనిచేశారు. 2006 నాటికి ఎంతోమంది వెళ్లిపోయారు. 2009 మేలో డబ్బు అయిపోయి మిగిలినవాళ్లనూ ఇంటికి పంపేశారు. పబ్లిషర్ టేక్ టూ కోర్టుకెక్కింది. అయినా కొందరు ఆ గేమును వదల్లేక ఇళ్లల్లో కూర్చుని పని కొనసాగించారు. 2010లో గేర్‌బాక్స్ అనే కంపెనీ దాన్ని చేతిలోకి తీసుకుంది. 2011 జూన్‌లో గేము బజారుకొచ్చింది. 14 ఏళ్ల 44 రోజులు! అప్పటికి అదే గిన్నిస్ రికార్డు.

ఆడినవాళ్లకు దక్కింది మాయూసీ. హాలు మారినప్పుడల్లా తెర ముందు చాలాసేపు కూర్చోవాలి. పాత డ్యూక్ చేతిలో ఆయుధాల సంత ఉండేది. ఇప్పుడు హేలోలోలాగా రెండే. జోకులు పాతబడ్డాయి. ఆడవాళ్లను చూపిన తీరు మరీ బేహయాగా ఉందని చాలామంది సమీక్షకులు మండిపడ్డారు. మార్కులు సగం దగ్గరే ఆగాయి. గేముకు ప్రచారం చేసే సంస్థ, కటువుగా రాసినవాళ్లకు ఇకపై గేములు పంపాలా వద్దా అని బహిరంగంగానే బెదిరించింది. పబ్లిషర్ ఆ సంస్థను పక్కన పెట్టాల్సి వచ్చింది. కలం పట్టినవాణ్ని కాబట్టి ఈ ముచ్చట నాకు మరీ గుర్తుండిపోయింది.

ఇంతెజార్ చేసినవాళ్ల తప్పు ఇందులో ఏముంది? 1997లో పదిహేనేళ్ల కుర్రాడు 2011కి ఇంటివాడై ఉంటాడు. ఏటా తన ఖయాల్‌లో ఆ గేముకు ఒక్కో అంతస్తు కట్టుకున్నాడు. అంత ఎత్తు ఏ కంపెనీ కట్టగలదు? రాబోయే గేముకు ఇప్పుడే పైసలు కట్టమని మీ పిల్లలు అడిగితే కోప్పడకండి. ఈ కిస్సా చెప్పండి. రిలీజయ్యాక ఒక వారం ఆగుదాం, ఆడినవాళ్లు ఏమంటారో విందాం అనండి. పద్నాలుగేళ్లు ఆగినవాళ్ల ముందు వారమెంత?